పెద్ద సిస్టర్ మాట

పేషెంటు మొండికేస్తే పెద్ద సిస్టర్ని పిలవడం ఆ ఆసుపత్రి సర్జరీ వార్డులో పాత అలవాటు. డాక్టర్లు చెప్పి చెప్పి విసిగిపోయేవారు, బంధువులు ఏడ్చి ఏడ్చి ముక్కులు చీదుకునేవారు, మంచం మీది మనిషి మాత్రం "నన్ను కొయ్యొద్దు, ఇంటికి పోతాను" అని ఒకటే పాట. అప్పుడు పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి కోటు అంచుకి తుడుచుకుంటూ "పెద్ద సిస్టర్ ఎక్కడ?" అనేవాడు. ఆవిడ వచ్చేది. తెర లాగేది. మంచం అంచున కూర్చుని, ఆ మనిషి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, గొంతు బాగా దించి, కళ్ళల్లోకి చూస్తూ నాలుగు మాటలు చెప్పేది. తెర తీసేసరికి సంతకం అయిపోయి ఉండేది.

ఏం చెప్పేది? ఏముంది, అబద్ధం చెప్పేది. కాలు పోతుందంటే ఎవడు ఒప్పుకుంటాడు? "ఒక్క వేలు బాబూ, అంతే. పుచ్చిన పన్ను పీకించుకోవూ? అలాంటిదే ఇదీ" అనేది. లోపలికెళ్ళి మత్తులో పడ్డాక, పోయింది వేలో కాలో చూసుకునేదెవరు? ముందు మనిషి బతకాలి. కాలు అన్న మాట చెవిన పడగానే చెప్పాపెట్టకుండా ఇంటికి పారిపోయి, ఒళ్ళంతా విషం ఎక్కాక దుప్పట్లో మోసుకొస్తే తిరిగొచ్చిన వాళ్ళని ఆవిడ బోలెడుమందిని చూసింది. ఎవరైనా ముక్కు విరిస్తే "నిజం చెప్పి చంపమంటారా, అబద్ధం చెప్పి బతికించమంటారా?" అని మొహం మీదే అడిగేది. దానికి జవాబు చెప్పిన మొనగాడు ఎవడూ లేడు.

ఆవిడ జీవితమంతా ఆ వార్డులోనే అరిగిపోయింది. పెళ్ళికి ముందు కొత్త తెల్లబట్టల్లో బెరుకుబెరుకుగా గడప తొక్కిన పిల్ల, పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి, మోకాళ్ళు కిర్రుమనేదాకా అక్కడే నిలబడింది. కూతురికి తట్టు పోసినప్పుడు పక్కింటావిడ కనిపెట్టుకుని ఉంది. ఈవిడ వార్డులో ఎవరి పిల్ల నుదుటి మీదో తడిగుడ్డ వేస్తోంది. కూతురు ఇప్పటికీ ఆ మాట తెచ్చి దెప్పుతూనే ఉంటుంది. రిటైరైన రోజున సూపరింటెండెంటు ఓ గోడగడియారం చేతిలో పెట్టి "మీ సేవలు మరువలేనివి" అని కాగితం చూసి చదివాడు. ఏడాది తిరక్కుండానే గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ "ఎవరు కావాలమ్మా? పాసుందా?" అని అడ్డం నిలబడ్డాడు. "నీ పిర్ర మీద మొదటి సూది పొడిచింది నేనేరా" అందామని నోటిదాకా వచ్చింది గానీ, నిజంగా పొడిచిందో లేదో తనకే తెలియక ఊరుకుంది.

ఆవిడ మొగుడు టైలరు. ఆసుపత్రి వీధిలోనే, మందుల షాపుకీ పండ్ల బండికీ మధ్య చిన్న కొట్టు. అందరూ మాస్టారూ అంటారు. మాటలు తక్కువ, వినడం ఎక్కువ. ఆవిడ డ్యూటీ దిగి వచ్చి వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఆయన ఎదురుగా కూర్చుని కాజాలు కుడుతూ వినేవాడు. ఆవిడ ఊరికే చెప్పేది కాదు, ఆడి చూపించేది. "చెయ్యి ఇదిగో, ఇలా పట్టుకున్నానండీ. గొంతు ఇలా దించాను" అని ఆయన చెయ్యే పట్టుకుని చూపించేది. "ఒక్క వేలు బాబూ అన్నాను. గొర్రెపిల్లలా సంతకం పెట్టేశాడు. పాపం, మోకాలిదాకా తీసేశారు." ఆయన సూది ఆపి "నీ తెలివి తగలెయ్య!" అని నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఆవిడ మర్నాడు ఇంకో కథ మోసుకొచ్చేది. రోజంతా చీమూ నెత్తురూ ఎత్తిపోసిన మనిషికి ఇంట్లో చెప్పుకోవడానికి ఇంకేం దొరుకుతుంది చెప్పండి? ఆ ఇంట్లో ఆలుమగల ముచ్చట్లంటే అవే.

ఇక ఆయన కాలి సంగతి. ఆయనకి షుగరు. కొట్టులో నేల నిండా గుండుసూదులు. ఒకటి బొటనవేలి పక్క వేలిలో దిగబడింది. షుగరు ముదిరి పాదాలు మొద్దుబారిన మనిషికి అదేం తెలుస్తుంది? తెలిశాక కూడా ఆ మహానుభావుడు నోరు విప్పలేదు, సాక్సులు తొడుక్కుని తిరిగాడు. ఇంత ఎండల్లో సాక్సులేమిటండీ అంటే "మిషను తొక్కుతుంటే ఒరుసుకుంటోంది" అన్నాడు. ఊళ్ళోవాళ్ళ పాదాల కట్లన్నీ విప్పి చూసిన మనిషి పక్కన పడుకునే మొగుడి పాదం చూసుకోలేదు. ఓ ఉదయం ఆయన సాక్సులు విడిచి స్నానానికి వెళ్తే, ఆ వాసన ఆవిడ ముక్కుకి తగిలింది. ఏం వాసనో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. తలుపు దబదబా బాది తెరిపించింది. వేలు మాడిన వంకాయ తొడిమలా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచీ?" అని గుడ్లురిమింది.

"అంత అరుస్తావేమే? అదే పోతుందిలే."

"అవును, అదే పోతుంది! దాంతోపాటు మీరూ పోతారు!"

తువ్వాలు విప్పించి బట్టలు తొడిగించి, రిక్షా ఎక్కించి, తన పాత ఆసుపత్రికే లాక్కెళ్ళింది. అక్కడి సర్జరీ డాక్టరు కుర్రవాడు. చదువుకునే రోజుల్లో చేతులు సరిగ్గా కడుక్కోలేదని ఆవిడ చేత చీవాట్లు తిన్నవాడే. ఆవిడని చూడగానే లేచి నిలబడి కుర్చీ లాగాడు. పాదం అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు, చూసి ఆవిడతోనే మాట్లాడాడు. అంతా వాళ్ళ భాషలో, మాస్టారి తల మీదుగా. సంగతేమిటంటే పాదంలో రక్తం బాగానే ఆడుతోంది, మిగతా ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. ఈ ఒక్క వేలూ వెంటనే తీసేస్తే కాలు దక్కుతుంది. నాన్చితే పైకి పాకుతుంది.

"మేడమ్, ఆయనకి నేను చెప్పనా? లేకపోతే ఎవరైనా సిస్టర్ని పంపించనా?" అన్నాడు డాక్టరు, ఆవిడని పక్కకి పిలిచి.

ఆవిడకి నవ్వొచ్చింది. "బాగుందయ్యా! ఊరందరికీ చెప్పినదాన్ని, నా మొగుడికి నేను చెప్పుకోలేనా?"

వెళ్ళి తెర లాగింది. మంచం అంచున కూర్చుంది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. గొంతు దానంతటదే దిగింది. "ఒక్క వేలండీ, అంతే. పుచ్చిన పన్ను..."

ఆయన తేలు కుట్టినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"ఈ నాటకం నా దగ్గరా?"

"నాటకమేమిటండీ! నిజంగానే ఒక్క వేలు."

"నిజంగానే అని కూడా అంటావు. మొదటిసారి నమ్మకపోతే నిజంగానే అని కళ్ళల్లోకి చూస్తానండీ అని నువ్వే కదే చెప్పావు."

"మన అమ్మాయి మీద ఒట్టు!"

"వార్డులో ఎంతమందికి వేశావో ఆ ఒట్టు," అన్నాడాయన చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటూ. "కాలు ఎక్కడిదాకా తీస్తారో చెప్పు. మోకాలా? తొడా?"

అబద్ధాలన్నీ గడగడా చెప్పిన నోటికి, ఉన్న ఒక్క నిజాన్ని ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంకోలా చెప్పింది, గట్టిగా చెప్పింది, తిట్టి చెప్పింది. ఎలా చెప్పినా అది ఆయన ఇంతకుముందు విన్నదే. డాక్టరు లోపలికొచ్చి అదే మాట చెబితే "నీ శిష్యుడేగా" అన్నట్టు పెళ్ళాం వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చేశారు. ఆ తర్వాతి రోజులు ఆవిడకి నరకం. వేరే ఊరు డాక్టరు దగ్గరికి వెళదాం అంది. "అక్కడా నీలాంటి సిస్టరే ఉంటుంది" అన్నాడు. కూతుర్ని పిలిపించింది. ఆ పిల్ల బడిలో పాఠాలు చెప్పుకుంటున్నదల్లా సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చింది. నాన్న దగ్గర కూర్చుని బతిమాలింది, ఏడ్చింది, చివరికి వంటింట్లోకి వచ్చి తలుపు చేరవేసి మెల్లగా అడిగింది. "అమ్మా, నాతో చెప్పు పర్లేదు. నిజంగా ఒక్క వేలేనా?"

ఆవిడ చేతిలో గరిటె గోడకేసి కొట్టింది. "నువ్వూనా? కన్నకూతురివి, నువ్వు కూడానా?"

"నా మీద అన్ని ఒట్లు వేశావంట కదా. నాకేం తెలుస్తుంది?" అంది కూతురు.

రోజూ పొద్దున్నే ఆవిడ ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టు మార్చేది. దానికి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు. ఎరుపు వేలి మొదలు దాటి పాదం మీదికొచ్చింది. కట్టు కడుతూ ఆవిడ ఓ రోజు ఆపుకోలేక భోరుమంది. "నేను మీకు శత్రువునా? ఎప్పుడైనా మీకు అబద్ధం చెప్పానా? చెప్పింది వాళ్ళకి కదా!"

ఆయన "బస్సు డ్రైవరొకడు. గుర్తున్నాడా?" అన్నాడు.

"ఏ డ్రైవరు?"

"నీకెందుకు గుర్తుంటాడులే. వాడి గొంతు కూడా అనుకరించి చూపించావు. సంతకం పెట్టమంటే స్టీరింగు పట్టినట్టు పెన్ను పట్టాడని పడీ పడీ నవ్వావు, నేనూ నవ్వాను. వాడు తర్వాత మన కొట్టుకొచ్చాడే. చంకలో కర్ర. పాంట్లన్నీ మూటగట్టి తెచ్చాడు. కుడికాలి గుడ్డ పైకి మడిచి కుట్టాలి మాస్టారూ, నడుస్తుంటే ఊగుతోంది అన్నాడు. కొలత తీస్తుంటే చెప్పుకొచ్చాడు. ఎవరో సిస్టరంట, చేతులు పట్టుకుని ఒక్క వేలే అందంట, వాడి కన్నతల్లి కూడా అంత ప్రేమగా మాట్లాడలేదంట. నేనేమనను? ఆవిడ నా పెళ్ళామేనయ్యా అననా? టేపు పట్టుకుని తల వంచుకున్నాను."

ఆవిడ కట్టు కట్టడం ఆపేసింది.

"వాడొక్కడేనా? ఆసుపత్రి వీధిలో కొట్టు పెట్టుకున్న పాపానికి అలాంటివి ఎన్ని మడిచి కుట్టానో. నాకు కొలత తీయకముందే తెలిసిపోయేది, ఎవరు నీ చేతి మీదుగా వెళ్ళినవాళ్ళో."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఇంటికొచ్చి కబుర్లు చెప్పడం మానేసేదానివి. నాకు మాత్రం ఇంకేం ఉందే, పొద్దస్తమానం ఆ మిషనూ నేనూ."

ఆవిడకి ఎక్కడ కాలిందో చెప్పడం కష్టం. తప్పు చేశానన్న బాధ కాదది, ఇన్నేళ్ళూ తన వెనకాల తన లెక్క కట్టుకున్న మొగుడే రాసుకున్నాడన్న మంట. "వాళ్ళంతా బతికారు కదండీ!" అని అరిచింది. "బతికారు కాబట్టే కదా మీ దగ్గర పాంట్లు కుట్టించుకున్నారు! చచ్చినవాడెవడైనా వచ్చాడా కొలతలివ్వడానికి?"

"బతికారు. కాదన్నానా?" అన్నాడాయన. "నన్ను మాత్రం అలా బతికించకు."

ఆ మాటతో ఇక ఆ ఇంట్లో వేలి సంగతి ఎత్తలేదు ఎవరూ. ఆవిడ కట్టు కట్టేది, మాత్రలు ఇచ్చేది, కాలిపిక్క నొక్కి చూసేది, చూసింది లోపలే మింగేది. ఓ మధ్యాహ్నం కొట్టు పక్కనున్న పండ్లబ్బాయి రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు మిషను మీదే తల వాల్చేశాడట, ఒళ్ళు కాలిపోతోందట, పళ్ళు కటకటలాడుతున్నాయట. వద్దన్నా వినకుండా పొద్దున కొట్టు తెరిచి కూర్చున్నాడు మరి.

అంబులెన్సు వచ్చింది. కుర్ర డాక్టరు కట్టు విప్పి, ఒక్క చూపు చూసి, ఆవిడని వరండాలోకి పిలిచాడు. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"ఇక వేలు కాదు మేడమ్. మోకాలి కింద తీసెయ్యాలి, అదీ ఈ పూటే. సాయంత్రం దాటితే నేను మాట ఇవ్వలేను. ఆయనకి తెలివి ఉంది, సంతకం ఆయనే పెట్టాలి. మీరు చెబుతారా?"

"నేను చెబితే వినడు," అంది ఆవిడ. ఆ ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ మాట అనాల్సి వస్తుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

అప్పుడే ఓ నర్సు పిల్ల ట్రే పట్టుకుని అటు వచ్చింది. కొత్తగా చేరినట్టుంది, బుగ్గల మీద మొటిమలింకా మానలేదు, బూట్లింకా తెల్లగా ఉన్నాయి. ఆవిడ ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"అమ్మాయ్, లోపల ఉన్నాయన దగ్గరికెళ్ళి ఒక్క వేలు తీస్తారు, అంతే అని చెప్పు. చెప్పి సంతకం పెట్టించు."

ఆ పిల్ల తెల్లబోయింది. "సారు మోకాలి కింద అన్నారు కదా మేడమ్?"

"నేను చెప్పినట్టు చెప్పు."

"మాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నేర్పారండీ."

"మంచిదే నేర్పారు. కాలని చెప్పు, లేచి ఇంటికి పోతానంటాడు. పోనిస్తావా? రేపటికి ఉండడు. పాపమేదైనా ఉంటే నాకు అంటుకుంటుంది, నువ్వెళ్ళు తల్లీ."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఐనా వెళ్ళింది. పెద్ద సిస్టర్ గుమ్మంలో నిలబడి చూసింది. అయ్యో, అదేం చెప్పడం! తెర లాగలేదు. కూర్చోలేదు. మంచానికి బారెడు దూరంలో నిలబడి, కాగితాల అట్ట గుండెలకి హత్తుకుని, నేలచూపులు చూస్తూ గొణిగింది. "తాతగారూ... అదీ... వేలండీ. ఒక్క వేలేనంట."

"ఒక్క వేలేనా?" అన్నాడాయన, జ్వరంతో ఎండిన పెదాలు తడుపుకుంటూ.

"ఊఁ."

ఆయన ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గుమ్మం వైపు తల తిప్పాడు. "చూశావటే? చెప్పడమంటే అలా చెప్పాలి. ఏ వేషాలూ లేకుండా. పెన్నివ్వమ్మా." ఆ పిల్ల వేలు పెట్టి చూపించిన చోటల్లా, కళ్ళజోడు కూడా అడక్కుండా, వంకరటింకరగా సంతకాలు పెట్టాడు. సాక్షిగా కింద పెద్ద సిస్టర్ పెట్టింది. ఆ క్షణంలో ఆవిడకి ఏడుపు రాలేదు. చెబితే సిగ్గుచేటు గానీ, కడుపు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, అబద్ధం ఆడటం కూడా చేతకాని పిల్ల, తన మొగుణ్ణి ఒక్క మాటతో ఒప్పించింది. అదే మాట తను నిజంగా చెప్పిననాడు ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఉదయం ఆయన్ని పై అంతస్తులో వేరే వార్డుకి మార్చారు. ఆపరేషన్ అయినవాళ్ళందర్నీ అక్కడికే చేరుస్తారు. అక్కడి సిస్టర్లు వేరు, డ్యూటీలు వేరు. పెద్ద సిస్టర్ కొలువంతా కింది అంతస్తులోనే గడిచింది. మందులో కాగితాలో ఇచ్చిపోవడానికి వచ్చిందేమో గానీ, మత్తు వదులుతున్న మనిషి పక్కన ఆ వార్డులో కూర్చున్నది లేదు. మొదటిసారి ఇవాళ కూర్చుంది. ఎదురు మంచం మీద ఒకడు దుప్పటి వంక చూస్తూ ఉన్నాడు. అలికిడి లేదు, ఏడుపు లేదు. ఊరికే అలా చూస్తూనే ఉన్నాడు. ఇంకెవరి మొహాలైనా కనపడతాయేమోనని భయపడి ఆవిడ కళ్ళు దించుకుంది.

మాస్టారు కదిలాడు. "వేలు ఇంకా సలుపుతోందే," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "తియ్యలేదా?"

కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మంచినీళ్ళ వంకతో బయటికెళ్ళిపోయింది. ఆయన చెయ్యి మెల్లగా దుప్పటి మీదుగా కిందికి వెళ్ళింది. తొడ, మోకాలు. అక్కడ ఆగి, మంచం మీది గుడ్డని తడిమింది. మళ్ళీ మోకాలి దగ్గరికొచ్చి, మళ్ళీ తడిమింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"నీకు ముందే తెలుసా?"

ఆవిడ నాలుక చివర జవాబు సిద్ధంగానే ఉంది. లోపలికెళ్ళాకే తెలిసిందండీ, డాక్టరుకి వేరే దారి లేకపోయింది. పై అంతస్తు సిస్టర్లందరూ అందరికీ చెప్పే మాట అదే. చెబితే ఆయన నమ్మినా నమ్మకపోయినా ఈ పూటకి గండం గడుస్తుంది.

"తెలుసు," అంది. "ఆ పిల్ల చేత నేనే చెప్పించాను."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆయన ఖాళీగా పడున్న దుప్పటిని మోకాలి దగ్గరికి మడిచాడు. కోపం కూడా లేని గొంతుతో, కొట్టులో బేరం సంగతి మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మొదటి రోజే ఆ పిల్ల చేత చెప్పించకపోయావటే. వేలితో పోయేది కదా."